ఉండిపో కాకా

మా ఇంట్లో నాన్న తమ్ముణ్ని ‘కాక’ అంటాం. వరంగల్ వైపు అందరూ అంతే. 2009 జనవరిలో ఒక రాత్రి ఇటలీలోని మిలాన్ నుంచి ఇంటికి ఫోన్ చేసి, మాటల మధ్యలో "కాకా పోతుండమ్మా, నాకేం మంచిగ అనిపిస్తలేదు" అన్నాను. అటువైపు అమ్మ గొంతు మారిపోయింది. "ఏ కాక బిడ్డా? చిన్న కాకనా? ఏమైంది?" అని వణుకుతూ అడిగింది. మనిషి పోతున్నాడంటే మన దగ్గర మనసు ముందు అటే పోతుంది కదా. ఆమెకు సర్దిచెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఈ కాకా బ్రెజిల్ వాడు, అసలు పేరు రికార్దో, చిన్నప్పుడు తమ్ముడికి ఆ పేరు నోరు తిరగక ‘కాకా’ అని పిలిస్తే అదే స్థిరపడింది, ఏసీ మిలాన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడతాడు, ఇప్పుడు ఇంగ్లండ్‌కు పోతాడంటున్నారు అని వివరంగా చెప్పాను. అంతా విని అమ్మ ఒక్కటే మాట అంది: "మరి పోవద్దని చెప్పరాదుండ్రి."

మేం చెప్పాం. ఎలా చెప్పామో, ఆయన ఏమన్నాడో, ఆ తర్వాత ఏమైందో రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

నేను మిలాన్ అభిమానిని అయింది ఒక ఓటమి రాత్రి. 2005 మే 25, ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్, అంటే యూరప్ క్లబ్బుల కప్పు, ఫైనల్. మనకు అర్ధరాత్రి పన్నెండుంపావుకు మొదలైంది. నాన్న నిద్ర లేవకుండా టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. సగం ఆట అయ్యేసరికి లివర్‌పూల్ మీద మిలాన్ 3–0తో ముందుంది. మూడో గోల్‌కు కాకా అందించిన బంతి ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మైదానం మధ్యలో ఒంటికాలి మీద అటు తిరిగి, ఇద్దరు ముగ్గురు డిఫెండర్ల మధ్యలోంచి క్రెస్పో కాళ్ల దగ్గరికి దారం లాగినట్టు పంపాడు. ఆ తర్వాత లివర్‌పూల్ మూడు గోల్స్ కొట్టడం, పెనాల్టీల్లో మిలాన్ ఓడిపోవడం అందరికీ తెలిసిన కథే. గెలిచినవాళ్లను వదిలేసి, తల వంచుకుని నడిచి వెళ్తున్న ఆ 22 నంబర్ కుర్రాడిని, కాకానే, నేను చూస్తూ ఉండిపోయాను. రెండేళ్ల తర్వాత అదే లివర్‌పూల్‌ను ఏథెన్స్‌లో 2–1తో ఓడించి కప్పు గెలిచారు. ఆ సీజన్ ఛాంపియన్స్ లీగ్‌లో పది గోల్స్ కాకావే. 2007 చివర్లో, ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ దోర్ కూడా ఆయనకే వచ్చింది.

2008 సెప్టెంబరులో పొలిటెక్నికో యూనివర్సిటీలో మాస్టర్స్ కోసం మిలాన్ చేరినప్పుడు, చదువు కోసమే వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. అది నిజమే. కానీ విమానం కిందికి దిగుతుంటే కిటికీలోంచి మిలాన్ జట్టు ఆడే సాన్ సిరో స్టేడియం కనిపిస్తుందేమోనని వెతికిన మాట కూడా నిజమే.

పియోలా మెట్రో స్టేషన్ దగ్గర ఒక పాత బిల్డింగ్‌లో గది దొరికింది. రూమ్మేట్ కలాబ్రియా నుంచి వచ్చిన కుర్రాడు, పుట్టుకతోనే మిలాన్ అభిమాని. బిల్డింగ్ కింద ఒక చిన్న బార్ ఉండేది. అక్కడ బార్ అంటే మన ఇరానీ చాయ్ హోటల్ లాంటిది. పొద్దున కాఫీ, గులాబీ రంగు కాగితం మీద అచ్చయ్యే గజెట్టా పేపర్, దాని మీద వాదనలు. బార్ నడిపే పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. నాకు ఇటాలియన్ నేర్పింది యూనివర్సిటీ క్లాసుల కన్నా ఆయనే ఎక్కువ. సెప్టెంబరు నెలాఖరులో అదే ఊరి మరో జట్టు ఇంటర్‌తో డెర్బీ మ్యాచ్ అక్కడే చూశాం. కాకా క్రాస్ వేస్తే రొనాల్దీన్యో తలతో కొట్టాడు. 1–0. ముక్కూమొహం తెలియని నన్ను ఆ రోజు నలుగురైదుగురు కౌగిలించుకున్నారు.

జనవరిలో పెద్ద మంచు కురిసి కరిగిన తర్వాత, ఒక బుధవారమో గురువారమో పొద్దున బార్‌లోకి వెళ్తే ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పేపర్ బల్ల మీద తెరిచి ఉంది. ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ సిటీ కాకాను అడుగుతోంది. 100 మిలియన్ పౌండ్లు ఇస్తారట. అప్పటి లెక్కన దాదాపు 700 కోట్ల రూపాయలు. అంతకుముందు ప్రపంచంలోకెల్లా పెద్ద బేరం 2001లో జిదాన్‌ది. ఇది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. నాలుగు నెలల క్రితమే, 2008 సెప్టెంబరు 1న, అబుదాబీ వాళ్లు సిటీని కొన్నారు. అదే రోజు బ్రెజిల్ ఆటగాడు రొబీన్యోను తెచ్చుకున్నారు. జట్టేమో అప్పటికి లీగ్ పట్టికలో కింది సగంలో ఉంది. అలాంటి జట్టులోకి, యూరప్ కప్పు గెలిచి రెండేళ్లు కాని మనిషి!

అమ్మేయడమే మంచిదన్నవాళ్లూ ఉన్నారు. నా క్లాస్‌మేట్ ఒకడు లెక్కలేసి చూపించాడు. కాకాకు 26 ఏళ్లు, ఇంత ధర మళ్లీ రాదు, ఆ డబ్బుతో ముగ్గురు కుర్రాళ్లను కొని జట్టును కొత్తగా కట్టుకోవచ్చు. పైగా అది ఆర్థిక సంక్షోభం నడుస్తున్న చలికాలం. బ్యాంకులు కూలుతున్నాయి, సీనియర్లకు ఉద్యోగాలు దొరకడం లేదు. ఆ లెక్క తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ జట్టును ఆ కాగితం మీద లెక్కగా ప్రేమించినవాళ్లం కాదు మేం. ఆయన బంతి తీసుకుని మైదానం మధ్య నుంచి పరుగు మొదలుపెడితే ఎనభై వేల మంది ఒకేసారి లేచి నిలబడతారు. ఆ లేచి నిలబడటాన్ని ముగ్గురు కుర్రాళ్లతో భర్తీ చేస్తానంటే ఎలా ఒప్పుకుంటాం?

బార్ పెద్దాయన బాధ వేరు. 2006లో మిలాన్ స్ట్రైకర్ షెవ్‌చెంకో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీకి వెళ్లినప్పుడు ఆయన చూశాడు. ఎంతమంది బతిమాలినా వినలేదు. ఇప్పుడు అదే షెవ్‌చెంకోను చెల్సీ ఒక సీజన్‌కు అరువు ఇస్తే తిరిగొచ్చి మిలాన్ బెంచి మీద కూర్చుంటున్నాడు. ఆ సీజన్ మొత్తం లీగ్‌లో ఒక్క గోల్ కొట్టలేకపోయాడు. "వెళ్లినవాడు తిరిగి రావచ్చు. ఆ కాళ్లు తిరిగి రావు" అన్నాడు పెద్దాయన, కాఫీ కప్పు తుడుస్తూ.

శుక్రవారం సాయంత్రం నేను, రూమ్మేట్ కలిసి బ్యానర్ రాద్దామనుకున్నాం. పాత తెల్లటి దుప్పటి ఒకటి తీశాం. హార్డ్‌వేర్ షాపులో ఎర్ర రంగు, నల్ల రంగు చెరొక చిన్న డబ్బా, ఒక బ్రష్ కొన్నాం. ఏం రాయాలన్న దగ్గర ఆగిపోయాం. ఊరంతా అప్పటికే ఒకటే నినాదం. ‘నాన్ సి వెందే కాకా’. కాకాను అమ్మొద్దు, కాకా అమ్మకానికి లేడు అని. రూమ్మేట్ అదే రాద్దామన్నాడు. దుప్పటి చంకన పెట్టుకుని బార్‌లోకి దిగి పెద్దాయన్ని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి వద్దన్నాడు.

"అమ్మొద్దు అనేది ఎవరితో? క్లబ్బుతో. ఆ మాట చెప్పడానికి వెయ్యి మంది ఉన్నారు. మీరు ఆ అబ్బాయితో మాట్లాడండి. ‘రెస్తా’ అని రాయండి."

రెస్తా అంటే ఉండిపో అని. అది మనిషితో, మనిషి కళ్లలోకి చూసి చెప్పే మాట. నాకు వెంటనే మనసుకు పట్టింది. దుప్పటి అడ్డంగా పరిచి పెద్ద అక్షరాలతో ‘రెస్తా’ అని రాశాం. కింద మూలన మిగిలిన నల్లరంగుతో నేను తెలుగులో ‘ఉండిపో కాకా’ అని రాశాను. రూమ్మేట్ ఆ అక్షరాల గుండ్రదనం చూసి ఇది రాసిందా, గీసిందా అని అడిగాడు. చదివి వినిపించాను. వాడు ఆ రెండు మాటలూ నేర్చుకునేదాకా వదల్లేదు.

శనివారం రాత్రి, జనవరి 17, సాన్ సిరోలో ఫియొరెంటీనాతో మ్యాచ్. టికెట్‌కు నా వారం కిరాణా డబ్బు పోయింది. అక్కడ టికెట్ మీద కొన్నవాళ్ల పేరు అచ్చవుతుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపాలి. నాకు ఇంకా రెసిడెన్స్ కార్డు రాలేదు. పాస్‌పోర్టు, పోస్టాఫీసు ఇచ్చిన రసీదు జేబులో పెట్టుకుని వెళ్లాను. బ్యానర్ మాత్రం లోపలికి తీసుకెళ్లలేమని రూమ్మేట్ ముందే చెప్పాడు. 2007లో కతానియాలో గొడవల్లో ఒక పోలీసు అధికారి చనిపోయాక నియమాలు కఠినమయ్యాయి. ముందుగా అనుమతి తీసుకోని బ్యానర్‌ను గేటు దగ్గరే ఆపేస్తారు. దుప్పటిని గదిలోనే వదిలి బయల్దేరాం.

లోట్టో స్టేషన్‌లో దిగి గుర్రప్పందేల మైదానం గోడ వెంట నడిచాం. మామూలుగా ఆ దారిలో పాటలు, అరుపులు, బండ్ల మీద కాలే సాసేజీల పొగ. ఆ రోజు పొగ ఉంది, అరుపులు లేవు. పెళ్లి చేసి ఆడపిల్లను పంపించే రోజు ఇంటి ముందు ఎలా ఉంటుందో అలా నడుస్తున్నారు జనం.

మూడో అంతస్తులో, ఆకాశానికి దగ్గరగా, మా సీట్లు. బెక్‌హామ్ సాన్ సిరోలో మిలాన్‌కు మొదటిసారి ఆడుతున్న రాత్రి అది. వేరే రోజయితే అదే పండగ. మాకెవరికీ పట్టలేదు. పాటో గోల్‌తో 1–0 గెలిచాం. ఆటలో మిగతాది నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా కాకా. ఆయన కార్నర్ కొట్టడానికి వెళ్లినా, జెర్సీ సర్దుకున్నా, స్టేడియం మొత్తం ఆయన పేరే పాడింది. ఎదురుగా అభిమానులు కిక్కిరిసి ఉండే కుర్వా సూద్ నుంచి పాట మొదలై మా దాకా వచ్చేది, మా దగ్గర అయిపోతుండగా అటు మళ్లీ అందుకునేవాళ్లు. ఒక్క తిట్టు లేదు. డబ్బు కోసం పోతున్నావని ఒక్కరు అరవలేదు. ఈ సంగతి నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే వేరే చోట్ల ఆటగాడు వెళ్తాడని తెలియగానే జెర్సీలు తగలబెట్టడం చూశాం. జెర్సీ తగలబెట్టాక ఆ మనిషి ఏ ముఖంతో మన దగ్గర ఉంటాడు?

ఆదివారం గడవలేదు. సోమవారం, జనవరి 19, పొద్దున రెండు క్లాసులు విని, దుప్పటి సంచిలో పెట్టుకుని వియా తురాతికి వెళ్లాం. క్లబ్బు ఆఫీసు అప్పుడు ఆ వీధిలోనే, మెట్రో స్టేషన్‌కు పక్కనే. అప్పటికే వందల మంది ఉన్నారు. పోలీసులు దారికి అడ్డంగా నిలబడ్డారు. అందరి నోటా ‘నాన్ సి వెందే కాకా’. మేం దుప్పటి విప్పాం. చేతులు మంచుగడ్డల్లా అయ్యాయి. ఒక పెద్దావిడ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ ఆగి, మా బ్యానర్ చివర కాసేపు పట్టుకుంది. మూలన ఉన్న అక్షరాలు ఏ భాష అని అడిగితే చెప్పాను. ఇంకా ఎంతమంది ఎక్కడెక్కడ ఈయన కోసం కూర్చున్నారో అంది. వరంగల్‌లో అమ్మ కూడా అడిగిందని చెప్పాను.

చీకటి పడ్డాక జనంలో సగం మంది కాకా ఇంటి వైపు కదిలారు. మేమూ వెనకే నడిచాం. లోపల ఆయన తండ్రి సిటీ వాళ్లతో మాట్లాడుతున్నాడని ఒకరు, సంతకం అయిపోయిందని ఇంకొకరు, అబద్ధమని మరొకరు. ఇంటి కింద వీధి నిండిపోయింది. అంత చలిలోనూ ఎవరూ కదలడం లేదు. నేను తలెత్తి ఆ కిటికీనే చూస్తూ నిలబడ్డాను. లోపల దీపం వెలుగుతోంది. ఇంతమంది వచ్చి ఒక మనిషి ఇంటి ముందు నిలబడటం న్యాయమేనా అన్న ఆలోచన అక్కడే వచ్చింది. ఇంట్లో చిన్న పిల్లాడు ఉన్నాడు. బతుకుదెరువు కోసం దేశం దాటి వచ్చిన మనిషి ఆయన, నాలాగే. పోతానంటే ఆపే హక్కు మాకు లేదు. అడిగే హక్కు మాత్రం ఉందనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. ఉండిపొమ్మని అడగడం, వద్దనడానికి చోటు వదిలే మాట.

అప్పుడు కాకా కిటికీ దగ్గరికి వచ్చాడు.

కింద లేచిన కేకను రాతలో పెట్టడం నావల్ల కాదు. ఆయన చెయ్యి ఊపాడు. తర్వాత మిలాన్ జెర్సీ, ఆ ఎరుపు నలుపు చారలది, తీసి మాకు కనిపించేలా పట్టుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అంతే. ఒక్క మాట వినపడలేదు, వినపడాల్సిన అవసరమూ లేదు. మా పక్కనున్న నలభై ఏళ్ల మనిషి చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాడు. నా రూమ్మేట్ గొంతు చించుకుని తెలుగులో అరుస్తున్నాడు, "ఉండిపో కాకా" అని, ‘డ’ పలకలేక పలుకుతూ.

ఆ రాత్రే క్లబ్బు యజమాని బెర్లుస్కోని ఒక టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసి కాకా ఉండిపోతున్నాడని, డబ్బు కన్నా మనసుకు విలువిచ్చాడని ప్రకటించాడు. అర్ధరాత్రి గదికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. మనకు తెల్లవారుజాము. అమ్మ నిద్రమత్తులోనే ఎత్తింది. "ఉంటన్నడమ్మా" అన్నాను. "మంచిగైంది బిడ్డా, ఇగ పండుకో" అంది.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ జూన్ వచ్చింది.

మే 31న ఫ్లోరెన్స్‌లో సీజన్ చివరి మ్యాచ్. కాకా ఒకటి, పాటో ఒకటి కొట్టి 2–0తో గెలిచారు, మూడో స్థానంలో ముగించారు. కెప్టెన్ మల్దీనీకి అదే ఆఖరి ఆట, కోచ్ అంచెలొత్తికి మిలాన్‌తో అదే ఆఖరి రోజు. కాకాకు కూడా ఆఖరిదని అప్పటికి గుసగుసలే. మర్నాడు, జూన్ 1న, ఫ్లోరెంతీనో పెరెస్ మళ్లీ రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడయ్యాడు. ఇంకో వారంలో సుమారు 67 మిలియన్ యూరోలకు బేరం కుదిరిపోయింది. జనవరిలో ఇస్తామన్నదాని కన్నా నలభై మిలియన్ల దాకా తక్కువ. నా క్లాస్‌మేట్ ఏమీ అనలేదు. అనకపోవడమే వాడి మంచితనం.

వియా తురాతికి మళ్లీ వెళ్లాను, పరీక్షల మధ్యలో. ఎండ, పొగబాంబులు, కోపం. ఈసారి పాట లేదు, క్లబ్బు మీద కేకలు మాత్రమే. దుప్పటి సంచిలోనే ఉంది. విప్పుదామంటే ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియలేదు. కాకా అప్పుడు బ్రెజిల్‌లో, జాతీయ జట్టుతో రెసిఫేలో ఉన్నాడు. రియల్ వాళ్ల డాక్టర్లు అక్కడికే వెళ్లి పరీక్షలు చేశారు. జనవరిలో మాకు ఒక కిటికీ ఉంది, దాని వెనక దీపం, దీపం పక్కన మనిషి. జూన్‌లో అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. ‘అమ్మొద్దు’ అన్న మాట అక్కడ అరిచేవాళ్లకు పనికొచ్చింది. ‘ఉండిపో’ అన్న మాటను నేను మడిచి ఇంటికి తెచ్చుకున్నాను.

జనవరిలో అంత చేసి ఏం లాభం అని తర్వాత చాలామంది అడిగారు. ఐదు నెలలు ఎక్కువ ఆడాడు, నలభై మిలియన్లు పోయాయి, అంతేగా అన్నారు. నాకు అలా అనిపించదు. ఆ ఐదు నెలలు మేం ఆయన్ని వేరే కళ్లతో చూశాం. మైదానంలో పరుగెడుతున్నది తనంతట తాను ఉంటానన్న మనిషి అని తెలిసి చూశాం. అది నాకు చాలా ఎక్కువ. మాడ్రిడ్‌లో ఆయన మోకాలి ఆపరేషన్, బెంచి మీద గడిపిన రోజులు చూసినప్పుడు బార్ పెద్దాయన మాట గుర్తొచ్చి మనసు కలుక్కుమనేది. నాలుగు సీజన్లలో 120 మ్యాచ్‌లు, 29 గోల్స్. ఆయన స్థాయికి అది తక్కువే.

నేను 2012లో హైదరాబాద్ వచ్చేశాను. దుప్పటి రూమ్మేట్ ఉంచుకున్నాడు. 2013 సెప్టెంబరులో వాడి నుంచి ఫోన్. కాకా తిరిగొస్తున్నాడు, పైసా బదిలీ ఖర్చు లేకుండా, అదే 22 నంబర్‌తో. వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే టొరీనో మీద ఆడుతూ గాయపడ్డాడు. నయమై మళ్లీ ఆడేదాకా జీతం వద్దని తనే క్లబ్బుకు చెప్పాడు. ఆ వార్త చదివి ఆఫీసులోనే కళ్లు తుడుచుకున్నాను.

2014 జనవరి 6న సాన్ సిరోలో అటలాంటా మీద రెండు గోల్స్ కొట్టాడు. మొదటిది మిలాన్‌కు ఆయన నూరో గోల్. నేను ఇంట్లో టీవీలో చూస్తున్నాను. వేగం మునుపటిది కాదు, పెద్దాయన చెప్పినట్టే. కానీ గోల్ కొట్టాక ఆ రెండు చేతులూ పైకెత్తి ఆకాశం వైపు చూడటం అదే.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు నిలబడింది.

"ఈయననేనా కాక?"

"ఈయననేనమ్మా."

కాసేపు చూసింది. "మంచిగున్నడు పిలగాడు. ఈసారన్న ఉంటడా?"

"తెల్వదమ్మా" అన్నాను.

"అడుగుండ్రి మరి" అని, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.